అయ్యగారి తర్వాత ఎవరు?

ప్రశ్న: మాది గుంటూరులో ఓ బాప్టిస్టు సంఘం. మా పాస్టరుగారికి డెబ్బై దాటాయి. నన్ను నీళ్లలో ముంచింది ఆయనే. మొన్న కోత పండుగనాడు "నా తర్వాత మా బాబే" అని మైకులో ప్రకటించేశారు. బాబు మంచివాడే, పాటలు బాగా పాడతాడు. కానీ సంఘాన్ని ఒక్క మాట అడగలేదు. డీకన్‌గా, అంటే సంఘ పరిచారకుడిగా, నేను అడగబోతే "అభిషేకించబడినవారిని ముట్టకూడదు" అని మా పెద్దలే నోరు మూయించారు. పక్కింటి లూథరన్ వాళ్లకు ఈ గొడవే లేదు, పాస్టరు పైనుంచి బదిలీ మీద వస్తాడు. మా దగ్గర నిర్ణయించాల్సింది ఎవరు? – ఒక డీకన్, గుంటూరు

జవాబు: మీరే, తమ్ముడూ. మీరంటే డీకన్లు కాదు. బాప్తిస్మం తీసుకుని సభ్యత్వ పట్టీలో పేరున్న ప్రతి ఒక్కరూ, వెనక చాప మీద కూర్చునే ముసలమ్మతో సహా. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వచ్చిన దగ్గర్నుంచీ గుంటూరు లూథరన్ల ఊరు కాబట్టి పక్కింటి పద్ధతి మీకు సుఖంగా కనపడుతోంది. మనకు బిషప్పు లేడు, బదిలీ ఆర్డరూ రాదు. పాస్టరును పిలిచేది స్థానిక సంఘం. అంత బరువు మాకొద్దనుకుంటే బయట బోర్డు మీద బాప్టిస్టు అన్న మాట చెరిపేసుకోవచ్చు.

ఆ "ముట్టకూడదు" అన్నది 105వ కీర్తనలోది. దానికి పైనున్న వచనాలు కూడా మీ పెద్దల చేత చదివించండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు సొంత నేల లేక దేశాలు పట్టి తిరుగుతుంటే, వాళ్ల జోలికి పోవద్దని దేవుడు రాజులను గద్దించిన మాట అది. డీకన్ ప్రశ్న అడిగితే అడ్డం పెట్టడానికి రాసింది కాదు.

కొడుకు పాస్టరు కాకూడదని నేననను. పాస్టరు కొడుకులు మంచి పాస్టర్లయిన సంఘాలు నాకు తెలుసు. కానీ సమూయేలు అంతటివాడే ముసలితనంలో కొడుకులను తానే న్యాయాధిపతులుగా నియమిస్తే, వాళ్లు లంచాలు పట్టారు, జనం విసిగి రాజు కావాలన్నారు. అదే అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి. విధవరాళ్లకు భోజనం పెట్టే పనికి కూడా అపొస్తలులు తమవాళ్లను పెట్టుకోలేదు, ఏడుగురిని మీరే ఏర్పరచుకోండని సంఘంతో అన్నారు. అన్నం వడ్డించేవాళ్ల విషయంలోనే సంఘాన్ని అడిగితే, వాక్యం వడ్డించేవాడి విషయంలో అడగక్కర్లేదా?

ఇప్పుడు మీరు అడగని సంగతి. అయ్యగారు దిగిపోతే ఎక్కడుంటారు? పాస్టరు ఇల్లు సంఘానిది. పింఛను లేదు. కొడుకు పాస్టరైతే ఆ ఇల్లు, ఆ వంటగది పాస్టరమ్మగారికి మిగులుతాయి, లేకపోతే సామాను రోడ్డు మీద. "మా బాబే" అన్న ప్రకటనల్లో సగానికి సగం ఈ భయంలోంచి పుట్టినవే అని నా గట్టి నమ్మకం. నేను విజయవాడలో పాస్టరుగా పనిచేసేటప్పుడు, రైల్వేలో రిటైరైన డీకన్ ఒకాయన, నాకింకా అరవై రాకముందే "అయ్యగారూ, తర్వాత ఎక్కడుందామనుకుంటున్నారు?" అని అడిగాడు. అంతకుముందు ఆ మాట నన్నడిగినవాళ్లు లేరు. కానుకల్లోంచి నెలనెలా కొంత పక్కనపెట్టించాడు. ఇవాళ అజిత్‌సింగ్‌నగర్‌లో మా రెండు గదుల అద్దె దాంతోనే గడుస్తోంది. మీ సంఘం ఇప్పుడు మొదలుపెట్టినా ఆలస్యమే, అయినా మొదలుపెట్టండి. అరవై దాటినవాళ్లకు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ పథకం ఉంది, మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. ఆయన పేరు మీద, అమ్మగారి పేరు మీద వేయండి. పనివాడు జీతానికి పాత్రుడని ఏటా ప్రసంగం వింటాం కదా.

ఆ తర్వాతే మిగతాది. సంఘకూటంలో లేచి నిలబడి అడగొద్దు. ఇద్దరు పెద్ద డీకన్లను వెంటపెట్టుకుని మామూలు రోజు సాయంత్రం ఇంటికి వెళ్లండి. ముందు ఇంటి మాట ఎత్తండి. అప్పుడు, "అయ్యగారూ, బాబు పేరు సంఘం ముందు మేం పెడతాం, మీరు పెట్టొద్దు" అనండి. ఆయనకు పరువూ దక్కుతుంది, సంఘానికి హక్కూ దక్కుతుంది.

బాబు పేరుతోపాటు ఇంకొకరిద్దరి పేర్లూ రానివ్వండి. అందరిచేతా వాక్యం చెప్పించండి. సభ్యత్వ పట్టీ మాత్రం పేర్లు బయటికి రాకముందే ఖరారు చేసి గోడకు అంటించండి, లేకపోతే ఓటింగు రోజుకు ఆటోల్లో దిగే చుట్టాలను ఎవరూ ఆపలేరు. కూటం పక్క సంఘం పాస్టరు నడపాలి. ఓటింగప్పుడు అయ్యగారి కుటుంబం బయట ఉండాలి. చీటీల మీద ఓటు. మీ నిబంధనావళిలో ఎంతమంది ఒప్పుకోవాలో లేకపోతే మూడింట రెండొంతులని ముందే రాసుకోండి. సగానికి ఒక్క ఓటు ఎక్కువతో గెలిచిన పాస్టరుకు మిగిలేది సగం సంఘమే. ఓడినవాళ్లు పక్క వీధిలో రేకుల షెడ్డు వేసి మైకు పెడతారు, మన కోస్తాలో అది కొత్తా?

బాబును పిలిచినా, తల మీద చేతులుంచి పాస్టరుగా నియమించే అభిషేకం వెంటనే వద్దు. చేతులుంచడంలో తొందరపడొద్దని పౌలు తిమోతికి రాశాడు. ఒకటి రెండేళ్లు వేరే ఊళ్లో, తండ్రి నీడ పడని చోట, ఇంకో పాస్టరు కింద పనిచేసి రమ్మనండి. ఆసుపత్రి మంచాల దగ్గరా, అర్ధరాత్రి చావు ఇళ్లలోనూ తెలుస్తుంది ఎవరు కాపరో. పాటలతో తెలియదు.

అయ్యగారు బెంగపడితే గుండ్లకమ్మ ఏటి సంగతి గుర్తు చేయండి. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పేరు ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరది, నీళ్లలో దిగి ముంచింది మాత్రం ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా. పెద్దాయన ఉండగానే పని ఇతరుల చేతుల్లోకి వెళ్లడం మనకు కొత్త కాదు.

ప్రశ్న: మా పాస్టరుగారు ఆపరేషనై మంచం మీదున్నారు. మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం, డీకన్ ఇవ్వవచ్చా? – ఒక సోదరి, విజయవాడ

జవాబు: బాప్టిస్టు నమ్మకం ప్రకారం సంఘం తీర్మానిస్తే ఇవ్వవచ్చు, బల్ల ప్రభువుది. కానీ అభిషేకం పొందినవాళ్లే ఇవ్వాలని చాలా తెలుగు సంఘాల ఆనవాయితీ. మీ నిబంధనావళి చూసుకోండి. అందులో అలాగే ఉంటే పక్క సంఘం పాస్టరును పిలవండి, మధ్యాహ్నానికైనా వస్తారు. ఆరాధన అయ్యాక రొట్టె, ద్రాక్షారసం మంచం దగ్గరికి కూడా తీసుకెళ్లమనండి.