హాలు పోయినా బస్టాపు పేరు పోలేదు

అడగండి – చెబుతాం: ఈసారి హైదరాబాద్ పాత సినిమా హాళ్ల గురించి వచ్చిన ప్రశ్నలు

ప్రశ్న: లిబర్టీ, సంగీత్, ప్యారడైజ్ అని ఆటోవాళ్లకు ఇప్పటికీ చెబుతున్నాం. అక్కడ హాళ్లేమో లేవు. శుక్రవారం వస్తే జనం కిటకిటలాడిన హాళ్లు ఎందుకు మూతపడ్డాయి? — పాఠకుడు, హిమాయత్‌నగర్

జవాబు: జనం రాక మూతపడ్డాయనుకోవడం సగమే నిజం. మిగతా సగం లెక్కల్లో ఉంది. మల్టీప్లెక్సుకు అమ్మిన ప్రతి టికెట్టులోనూ వాటా వస్తుంది. మన దగ్గర సింగిల్ స్క్రీన్లు చాలావరకు సినిమా పంపిణీదారులిచ్చే అద్దె మీద నడిచాయి. పెద్ద సినిమా పడి హాలు నిండినా యజమాని చేతికొచ్చేది ఆ అద్దే. పేరున్న సినిమా లేని వారాల్లో మాత్రం కరెంటు బిల్లు, జీతాలు అతని నెత్తినే. 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్లు షోలు ఆపేసుకున్నదీ ఈ బాధతోనే. ఇక హాలున్నది నడిరోడ్డు మీద, ఎకరం దగ్గర దగ్గరగా ఉన్న జాగా. హాలు ఏడాదంతా తెచ్చే డబ్బు కంటే ఆ నేల ధరే ఎక్కువైపోయింది.

అన్నీ ఒకే దారి పట్టలేదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ సినిమాలో 1953లో చిన్న కేఫ్‌గా మొదలైన హోటల్ ఇవాళ బిర్యానీకి ఊరంతా తెలిసిన పేరు. సినిమా పోయింది, చౌరస్తాకు పేరు మిగిలింది. అమీర్‌పేట సత్యం స్థలంలో 2023లో కొత్త మల్టీప్లెక్సు తెరిచారు. కాచిగూడ మహేశ్వరి–పరమేశ్వరి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఓడియన్ కూడా మల్టీప్లెక్సు దారే పట్టాయి. అదే క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్ 70 ఎంఎం హాలు పోయి 35 ఎంఎం హాలు మిగిలింది (ఎంఎం లెక్క ఫిల్మ్ వెడల్పుది). పెద్దది పోయి చిన్నది నిలవడం విడ్డూరంగా అనిపించవచ్చు కానీ, ఎక్కువ సీట్ల హాలు నింపడమే కష్టం. కాచిగూడ తారకరామకు మరమ్మతులు చేసి 2022 చివర్లో మళ్లీ తెరిచారు. కూల్చకుండా బాగుచేసుకున్నవి మన ఊళ్లో తక్కువ, అందుకే చెప్పుకోవాలి.

ప్రశ్న: మా గల్లీలో ఒక గోడౌన్ ఉంది. ఒకప్పుడు టాకీసని పెద్దవాళ్లంటారు. చూసి పోల్చుకోవచ్చా? — పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: వెనక గోడ పైభాగం చూడండి. చిన్న చిన్న చదరపు కంతలు వరసగా ఉంటే, లేదా ఇటుకతో పూడ్చిన గుర్తులు కనిపిస్తే, అది ప్రొజెక్టర్ రూమే. ఒక్కో మిషన్‌కు రెండేసి కంతలు: ఒకటి వెలుగు పోవడానికి, ఇంకొకటి ఆపరేటర్ తెరను చూసుకోవడానికి. పక్క గోడలకు కిటికీలు ఉండవు. బయటికి తెరుచుకునే వెడల్పాటి తలుపులు మాత్రం రెండు వైపులా ఉంటాయి. బాల్కనీకి విడిగా మెట్లుంటాయి. లోపల నేల తెర వైపు వాలి ఉండాలి, కానీ గోడౌన్ చేసినవాళ్లు మొట్టమొదట చేసే పని మట్టి పోసి దాన్ని చదును చేయడమే. అందుకని నేల సమంగా ఉందని కాదనుకోకండి. స్తంభాల్లేని పెద్ద కప్పు దొరుకుతుందనే ఇలాంటివి గోడౌన్లకూ ఫంక్షన్ హాళ్లకూ వెంటనే పోతాయి.

ప్రశ్న: పాత ప్రింట్లలో తెర కుడివైపు పైమూల నల్లచుక్క మెరిసి పోయేది. అదేమిటి? మధ్యలో బొమ్మ మసకబారితే జనం ఎందుకు అరిచేవాళ్లు? — పాఠకుడు, ఉప్పల్

జవాబు: రీలు మార్చమని ఆపరేటర్‌కు గుర్తు అది. పక్కపక్కనే రెండు మిషన్లుండి, ఒకదానిలో రీలు అయిపోగానే రెండోది అందుకునేది. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల చొప్పున, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండేసి రీళ్లు ఒక స్పూలుకు చుట్టినా, పదహారు రీళ్ల సినిమాకు ఎనిమిది స్పూళ్లు, ఏడు మార్పులు. రీలు అయిపోవడానికి సుమారు ఎనిమిది సెకన్ల ముందు మొదటి చుక్క: రెండో మిషన్ మోటారు వెయ్యాలి. ఇంకో సెకను మిగిలిందనగా రెండో చుక్క: ఇక్కడి వెలుగు మూసి అక్కడిది తెరవాలి. ఆలస్యమైతే తెల్లటి తెర, ఈలలు.

మసకబారడానికి కారణం వేరు. జెనాన్ ల్యాంపులు రాకముందు వెలుగు కార్బన్ కడ్డీల నుంచి వచ్చేది. రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే పరికరం) ఇచ్చే డీసీ కరెంటుతో రెండు కడ్డీల కొనల మధ్య ఆర్క్ మండుతుంది. మండేకొద్దీ కడ్డీలు అరిగి సందు పెరుగుతుంది. దాన్ని సరిచేస్తూ ఉండాలి. ఆపరేటర్ టీకి వెళ్లాడా, బొమ్మ పసుపుతిరిగి మసకే.

బొమ్మ మధ్యలో గోధుమరంగు మచ్చ పుట్టి పెద్దదైతే ఫిల్మ్ గేటులో, అంటే వెలుగు దాని మీద పడే చోట, ఆగి కాలుతోందని అర్థం. సాధారణంగా పక్కరంధ్రాలు చిరిగి పళ్లచక్రం పట్టు తప్పడమే కారణం. కాలిన ముక్క కోసేసి అతికిస్తారు. శబ్దం చదివే చోటు బొమ్మ గేటుకు ఇరవై ఫ్రేముల దిగువన ఉంటుంది కనుక, అతుకు దగ్గర ముందు బొమ్మ ఎగురుతుంది, సెకను లోపే మాట ఎగురుతుంది. పాత ప్రింటులో డైలాగు ఎందుకు తడబడేదో ఇప్పుడు తెలిసిందిగా.

ప్రశ్న: బోర్డు మీద 70 ఎంఎం అని ఉన్నచోట ప్రతిసారీ 70 ఎంఎం సినిమానే వేసేవారా? — పాఠకుడు, కొత్తపేట

జవాబు: లేదు. ఆ మిషన్, ఆ తెర ఉన్నాయని మాత్రమే బోర్డు చెప్పేది. తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రం సింహాసనం వచ్చిందే 1986లో. ఆ ప్రింట్లకు ఖర్చెక్కువ, అంచున అయస్కాంత పట్టీలపై ఆరు ట్రాకుల ధ్వని ఉండేది. రోజూ ఆడినవి ఎక్కువగా 35 ఎంఎం స్కోప్ ప్రింట్లే: ఫిల్మ్ మీద బొమ్మ అడ్డంగా నొక్కి ఉంటుంది, లెన్స్ దాన్ని సాగదీస్తుంది. తొంభైల్లో డీటీఎస్ అనే డిజిటల్ ధ్వని పద్ధతి వచ్చి 35 ఎంఎంకే మంచి ధ్వని దొరికాక ఆ ఖర్చు పెట్టే కారణమే పోయింది.

ప్రశ్న: తాతగారు ఆపరేటర్. అటక మీద నాలుగు రీల్ డబ్బాలున్నాయి, మూత తీస్తే వెనిగర్ వాసన. ఏం చేయాలి? — పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఆ వాసన అసిటేట్ ఫిల్మ్ కుళ్లుతోందని. దాని ఆవిరి పక్క రీళ్లను కూడా చెడగొడుతుంది, ముందు బాగున్నవాటి నుంచి వేరు చేయండి. తుప్పు డబ్బా మార్చండి. గాలి ఆడేలా ఉంచండి, ప్లాస్టిక్ కవర్లో బిగించి కట్టకండి. అటక వద్దు, వేసవిలో ఊరి మొత్తంలో అంత వేడి చోటు ఉండదు. చల్లని పొడి గది చాలు. బిగుసుకుపోయిన రీలును బలవంతంగా విప్పకండి.

అంచున సేఫ్టీ అనే అక్షరాలు లేకుండా ఫిల్మ్ 1951కి ముందుదైతే, జిగురుగా ఉన్నా గోధుమరంగు పొడి రాలుతున్నా, అది నైట్రేట్ అనే, సులువుగా మండే పాతకాలపు ఫిల్మ్ కావచ్చు. నిప్పంటుకుంటే నీళ్లలో కూడా ఆరదు. ఇంట్లో పెట్టుకోకండి, మీరే బండి మీద తీసుకెళ్లకండి, అగ్నిమాపక శాఖకు ఫోన్ చేయండి. మామూలు ఫిల్మ్ అయితే పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాసి అడగవచ్చు. రీలు మొదట్లో పేరు చదవగలిగితే అదీ రాయండి.

ప్రశ్న: కూల్చేసిన హాలు ఏ సంవత్సరం మొదలైందో ఎలా కనుక్కోవాలి? — విద్యార్థి, ఉస్మానియా

జవాబు: పేపర్ల సినిమా ప్రకటనలే దగ్గరి దారి. అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత సంచికలు అడగండి. పండుగ వారాల నుంచి మొదలుపెట్టండి, కొత్త హాళ్లు ఎక్కువగా అప్పుడే తెరిచేవాళ్లు. తెలుగు పేపర్లతో ఆగకండి, పాతబస్తీ హాళ్ల ప్రకటనలకు సియాసత్ లాంటి ఉర్దూ పేపర్లు చూడాలి. హాలు పేరు మారి ఉండవచ్చు, అందుకని పేరుతో పాటు వీధి కూడా రాసుకోండి.