డ్రోన్ మ్యాప్‌లో ఎర్ర మచ్చలొస్తే యూరియా వేసేయాలా?

సందేహం: సార్, మొక్కజొన్న వేసి 35 రోజులైంది. డ్రోన్‌తో మల్టీస్పెక్ట్రల్ ఫొటోలు (కంటికి కనపడని కాంతిని కూడా పట్టే కెమెరాతో తీసేవి) తీయించా. వాళ్లిచ్చిన ఎన్‌డీవీఐ మ్యాప్‌లో (పంట పచ్చదనాన్ని రంగుల్లో చూపేది) చేను చాలావరకు పచ్చగానే ఉంది గానీ అక్కడక్కడా ఎర్ర మచ్చలున్నాయి. ఆ మచ్చల్లో ఇంకో డోసు యూరియా వేయమంటారా?

సలహా: యూరియా బస్తా ఇప్పుడే విప్పకండి అన్నా. ముందు మ్యాప్ పక్కన ఉండే రంగుల స్కేలు మీద నంబర్లు చూడండి. ఆకులో పచ్చదనం బాగుంటే ఎర్ర కాంతిని పీల్చేసుకుంటుంది, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ని వెనక్కి కొడుతుంది, కెమెరా ఆ రెండిటినీ కొలిచి, వాటి తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ, -1 నుంచి +1 మధ్యలో ఉంటుంది, పచ్చదనం బాగుంటే నంబరు ఎక్కువ. చాలా సాఫ్ట్‌వేర్లు ఏం చేస్తాయంటే మీ చేలో అన్నిటికన్నా తక్కువ నంబరు ఎక్కడుంటే అక్కడ ఎరుపు వేసేస్తాయి, అంటే చేనంతా బాగున్నా సరే ఎక్కడో ఒకచోట ఎరుపు వచ్చేస్తుంది. పైగా 35 రోజులకి సాళ్ల మధ్య ఇంకా నేల కనిపిస్తుంటుంది కదా, మొలక పలచగా వచ్చిన చోట కూడా నంబరు పడిపోతుంది. అక్కడ యూరియా వేసి ఏం లాభం చెప్పండి?

తర్వాత మచ్చ ఆకారం చూడండి, నేనైతే రంగు కన్నా దీన్నే ఎక్కువ నమ్ముతా. తిన్నగా గీత గీసినట్టు ఉంటే విత్తనం గానీ ఎరువు గానీ వేసిన మెషీన్‌లో తేడా అయ్యుండొచ్చు, పల్లం వెంబడి ఉంటే నీళ్లు నిలిచి ఉండొచ్చు, గుండ్రంగా ఉండి వారం వారం పెరుగుతుంటే తెగులో వేరు సమస్యో అని అనుమానించాలి.

ఇక ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ఆ మచ్చలోకే నడిచి వెళ్లండి, పక్కనున్న పచ్చటి చోట కూడా రెండు మొక్కలు పీకి పోల్చి చూడండి. కింది ఆకులు కొస నుంచి మధ్య ఈనె వెంబడి వి ఆకారంలో పసుపెక్కితే అది నత్రజని లోపం, అప్పుడు యూరియా మాట ఆలోచిద్దాం. లేత ఆకుల మొదట్లో ఈనెకి రెండు పక్కలా తెల్లటి పట్టీలుంటే జింక్ లోపం. సుడిలో తడి రంపపు పొట్టులాంటి రెట్ట, ఆకులకి చిల్లులు ఉంటే కత్తెర పురుగు. వేర్లు నల్లబడి కుళ్లు వాసన వస్తే నీళ్లు బయటికి తీయాలి, ఆ తడిలో యూరియా వేస్తే నత్రజని కొంత గాల్లో కలిసిపోతుంది. ఈ నాలుగూ మ్యాప్‌లో మాత్రం ఒకే ఎరుపు!

ఇంకోటి, పచ్చగా ఉందని కూడా ధీమా వద్దు, కలుపు కూడా పచ్చగానే కనిపిస్తుంది.

డ్రోన్ ముందే పెట్టిన రూటులో చాళ్లు దున్నినట్టు తనంతట తనే ఎగురుతుంది కాబట్టి, అదే రూటు అదే ఎత్తు పెట్టి 10 రోజులాగి మళ్లీ తీయించండి. టైమ్ కూడా అదే ఉండాలి, మధ్యాహ్నానికి దగ్గర్లో మబ్బు లేకుండా ఉంటే మంచిది. ఎగిరే ముందు కెమెరాకి క్యాలిబ్రేషన్ ప్యానెల్ (ఆ రోజు వెలుతురుకి తగ్గట్టు కొలత సరిచేసే పలక) చూపించారో లేదో దగ్గరుండి అడగండి, అది లేకపోతే రెండు మ్యాపుల్నీ పోల్చలేం. చేను దట్టంగా కమ్ముకున్నాక ఎన్‌డీవీఐ నంబరు ఇక పెద్దగా పెరగదు, అప్పుడు ఎర్ర కాంతి బదులు రెడ్ ఎడ్జ్ బ్యాండ్‌తో (ఎరుపుకీ నియర్ ఇన్‌ఫ్రారెడ్‌కీ మధ్య ఉండే కాంతి) చేసే ఎన్‌డీఆర్‌ఈ మ్యాప్ ఇమ్మనండి.

మచ్చలో పీకిన మొక్క వేరుతో సహా ఫొటో తీసి పంపండి, చూసి డోసు చెప్తా.