హోట్ కుట్యూర్‌కు ఆద్యుడు వర్తా, డియోరా? – సమాధానం

సెమినార్ గురించి టెన్షన్ పడకండి. హోట్ కుట్యూర్ (కస్టమర్ కొలతలకు తగ్గట్టు ప్రత్యేకంగా కుట్టే ఖరీదైన డిజైనర్ దుస్తుల పరిశ్రమ) మొదలుపెట్టింది వర్త్ అని మీ మేడమ్, డియోర్ అని మీ స్నేహితులు అంటున్నారని రాశారు కదా. మేడమ్ చెప్పిందే సరైనది.

చార్ల్స్ ఫ్రెడరిక్ వర్త్ పుట్టింది ఇంగ్లండ్‌లో. 1858లో ప్యారిస్‌లోని ర్యూ ద లా పే వీధిలో భాగస్వామితో కలిసి దుకాణం తెరిచాడు. అంతకుముందు చాలావరకు కస్టమర్ చెప్పినట్టే దర్జీలు కుట్టేవారు. వర్త్ తానే డిజైన్లు తయారుచేసి, మోడళ్లకు తొడిగి చూపించి, నచ్చినదాన్ని కొలతల ప్రకారం కుట్టించేవాడు. తన పేరుతో లేబుల్ కూడా వేయించాడు. ఫ్రాన్స్ మహారాణి యూజెనీ ఆయన దగ్గరే కుట్టించుకోవడంతో ప్యారిస్ పేరు మోగిపోయింది.

ఫ్రెంచ్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ తొలి ప్రదర్శన 1947 ఫిబ్రవరి 12న. యుద్ధకాలపు బట్టల కొరత తర్వాత సన్నని నడుము, మీటర్ల కొద్దీ గుడ్డ పట్టే లంగాలతో వచ్చిన ఆ 'న్యూ లుక్' ప్యారిస్‌కు పాత వైభవాన్ని తెచ్చింది. మీ స్నేహితుల పొరపాటు అక్కడే: ఆయన దీన్ని మళ్లీ నిలబెట్టాడే తప్ప మొదలుపెట్టలేదు.

ప్యారిస్ డిజైనర్ లూసియెన్ లెలాంగ్‌ను మాత్రం వదిలేయకండి. రెండో ప్రపంచ యుద్ధంలో ప్యారిస్‌ను ఆక్రమించిన నాజీలు ఈ పరిశ్రమను బెర్లిన్‌కు, వియన్నాకు తరలించాలనుకుంటే, నిపుణులైన పనివాళ్లు ప్యారిస్‌లో ఉంటేనే ఈ పని సాగుతుందని వాదించి ఆపించాడు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు ధైర్యం ఆయనదే. డియోర్ కూడా ఆయన దగ్గర పనిచేసినవాడే.

చివర్లో మన దేశం ప్రస్తావన కావాలంటే, 2020లో ప్యారిస్ కుట్యూర్ వీక్‌లో (హోట్ కుట్యూర్ ప్రదర్శనల వారంలో) ప్రదర్శించిన తొలి భారతీయ డిజైనర్ రాహుల్ మిశ్రా గురించి ఒక స్లైడ్ పెట్టండి.