డోర్ లాక్ పడకపోతే ముందే మోటారు కొనకు

చిరంజీవి బాబుకి పెదనాన్న ఆశీస్సులు.

కారు వెనక తలుపు లాక్ పడట్లేదని, లాక్‌ని నడిపే చిన్న మోటారు మార్చాలంటున్నారని రాశావు. తొందరపడి కొనకు. పాత కారులో మోటారుకి కరెంటు అందుతోందో లేదో ముందు తేల్చుకోవాలి.

అన్ని తలుపులూ ఒకేసారి ఆగిపోతే నేను ఫ్యూజు, రిలే (స్విచ్ నొక్కితే మోటార్లకి కరెంటు కలిపే చిన్న పెట్టె), స్విచ్ చూడమనేవాణ్ణి. నాలుగు మోటార్లూ ఒకే రోజు పోవు కదా. ఫ్యూజు కాలితే అదే ఆంపియర్లది వెయ్యాలి. మళ్లీ కాలిందంటే ఎక్కడో వైరు షార్ట్ అవుతున్నట్టే. అప్పుడు పెద్ద ఫ్యూజు వేస్తే వైరింగే అంటుకుంటుంది, ఆ పని మాత్రం ఎప్పుడూ చెయ్యకు.

నీది ఒక్క తలుపే. ఎవరినైనా స్విచ్ నొక్కమని, నువ్వు తలుపుకి చెవి ఆనించి విను. నీరసంగా టక్‌మంటే కరెంటు వస్తోంది, కానీ మోటారుకి బలం చాలట్లేదు. లాక్‌ని చేత్తో కదిపి చూడు. చేతికే గట్టిగా తగిలితే గ్రీజు ఎండిపోయిందేమో. పాత జిడ్డు కడిగి కొత్త గ్రీజు పెడితే చాలావరకు తేలికపడుతుంది.

చప్పుడే లేకపోతే తలుపుకీ బాడీకీ మధ్య ఉండే నల్ల రబ్బరు గొట్టం చూడు. దీన్ని చాలామంది పట్టించుకోరు. తలుపు తీసినప్పుడల్లా అందులోని వైర్లు వంగుతాయి, ఏళ్లు గడిచేసరికి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైతొడుగు బాగానే కనిపిస్తుంది. ఒక్కో వైరునీ వేళ్లతో మెల్లగా లాగి చూడు, లోపల తెగినచోట తొడుగు సాగుతుంది. తలుపు సగం తెరిచినప్పుడు లాక్ పడి, పూర్తిగా తెరిస్తే పడకపోతే, లోపం దాదాపుగా అక్కడే. తెగిన కొసలు మెలిపెట్టి టేపు చుట్టేసి ఊరుకోకు, మళ్లీ ఊడుతుంది. మెత్తటి వైరు ముక్క కాస్త వదులుగా కలిపి, టంకం అతుకులు వంగేచోట కాకుండా గొట్టానికి అవతల పడేలా చూసుకో.

వైర్లు బాగుంటేనే ప్యానెల్, అంటే తలుపు లోపలివైపు అట్ట, విప్పు. ఆ తలుపులో ఎయిర్‌బ్యాగ్ గానీ దాని సెన్సర్ గానీ ఉంటే ఆ పని తెలిసిన మెకానిక్‌కి వదిలెయ్యి. మోటారుకి రెండే వైర్లుంటే కనెక్టర్ ఊడదీసి, వాటి మధ్య 12 వోల్టుల మామూలు ఫిలమెంట్ బల్బు పెట్టు. ఎల్‌ఈడీ ఒక వైపు కరెంటుకే వెలుగుతుంది, ఇక్కడ లాక్‌కీ అన్‌లాక్‌కీ కరెంటు దిశ మారుతుంది. మీటరు కన్నా బల్బే నయం, కరెంటు క్షణకాలమే ఉంటుంది కాబట్టి డిజిటల్ మీటరు ఒక్కోసారి దాన్ని అందుకోలేదు. స్విచ్‌తో లాక్, అన్‌లాక్ నొక్కితే రెండు సార్లూ బల్బు తళుక్కుమన్నా, కనెక్టర్ మళ్లీ పెట్టాక మోటారు కదలకపోతే, అప్పుడు కొను.

బిగించేటప్పుడు లోపలి ప్లాస్టిక్ షీటు మళ్లీ అతికించు, లేకపోతే వానకి నీళ్లు లోపలికొస్తాయి. ప్యానెల్ పెట్టకముందే, తలుపు తెరిచి ఉండగానే, స్క్రూడ్రైవర్‌తో లాచ్‌ని (తలుపుని పట్టి ఉంచే కొక్కేన్ని) మూసిన స్థితికి తిప్పి లాక్, అన్‌లాక్ పరీక్షించు. తర్వాత అన్‌లాక్‌లో ఉంచి, హ్యాండిల్ లాగి లాచ్ విడిపించాకే తలుపు వెయ్యి.

పెదనాన్న