నాన్నగారి కాళ్ళల్లో బలం తగ్గింది, మైటోకాండ్రియా క్యాప్సూల్స్ కొనాలా?

మీ నాన్నగారు కింద కూర్చుంటే లేవలేకపోతున్నారు, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాని మళ్ళీ బాగుచేస్తాయంటున్న యూరోలిథిన్ క్యాప్సూల్స్ ఆన్‌లైన్లో కొనొచ్చా అని అడిగారు కదండీ. నేనైతే ముందు కాళ్ళకి పని పెట్టమంటాను, క్యాప్సూల్ సంగతి తర్వాత చూద్దురుగాని.

మాది పాలకొల్లు దగ్గర. ఊళ్ళో చాలామందిలాగే మేమూ పొలాన్ని చేపల చెరువుకి లీజుకిచ్చేశాం, దాంతో నాన్న నీళ్ళు పెట్టడం, గట్లు చెక్కడం, బస్తాలెత్తడం అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కొన్నాళ్ళకి తొడలు సన్నబడిపోయాయి, పైకి పొట్ట వచ్చి బరువు తగ్గలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, అరుగు మీంచి లేవాలంటే మాత్రం రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి, కాస్త ఆగి, అమ్మా అనుకుంటూ లేచేవారు.

ఇలా వయసుతో కండ కరిగి బలం తగ్గడాన్ని సార్కోపీనియా అంటారండి. తిన్నదాన్ని కండకి శక్తిగా మార్చేవి మైటోకాండ్రియా, వయసు మీదపడేకొద్దీ పాడైనవాటిని తీసేసి కొత్తవి పుట్టించుకునే పని ఒంట్లో మందగిస్తుంది, కదలకుండా కూర్చుంటే ఇంకా మందగిస్తుంది. ఈ రెండోది మన చేతిలో ఉంది. 2017లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో శ్రీకుమారన్ నాయర్ గారి టీమ్, 65 నుంచి 80 ఏళ్ళ వాళ్ళతో 12 వారాలు వ్యాయామం చేయించింది, అందులో సైకిల్ కాసేపు గట్టిగా కాసేపు నెమ్మదిగా తొక్కడం ఉంది, వాళ్ళ మైటోకాండ్రియా సామర్థ్యం 69 శాతం పెరిగింది. కుర్రాళ్ళలో పెరిగింది 49 శాతమే!

యూరోలిథిన్ అంటారా, దానిమ్మ తింటే కొందరి పేగుల్లో బ్యాక్టీరియా తయారుచేసేదే. 2022లో వచ్చిన ట్రయల్‌లో 65 దాటినవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాములు 4 నెలలు ఇస్తే కండ అలసిపోకుండా ఆగే ఓపిక కొంత పెరిగింది గానీ, 6 నిమిషాల్లో నడిచే దూరంలో మాత్రం మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ వీళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

మాకు ఫిజియోథెరపీ ఆవిడ చెప్పింది చాలా సింపుల్. కుర్చీలో దిండు వేసి ఎత్తు చేసి, చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, అది తేలికయ్యాక దిండు తీసేయడం, ఆ తర్వాత చిన్న బియ్యం సంచి గుండెకి హత్తుకుని అదే పని. సాయంత్రం కాలవగట్టు మీద ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా స్పీడుగా, తర్వాతది నెమ్మదిగా. ఉత్త నడక ఒక్కటే సరిపోదండి, కండకి బరువు తగలాలి. ఇప్పుడు నాన్న అరుగు మీంచి చేతులు ఆనించకుండానే లేస్తున్నారు.

తిండి కూడా చూడండి. పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. మన చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె లారీలెక్కి కలకత్తా వెళ్ళిపోతుంటే ఇక్కడ పెద్దాళ్ళు రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది. గుడ్డో, చేప ముక్కో, పెసరట్టో ప్రతి పూటా ఏదోటి పడాలి.

మీ నాన్నగారికి కిడ్నీ సమస్యుంటే ప్రొటీన్ పెంచేముందు, గుండె సమస్యుంటే ఈ స్పీడు నడక మొదలెట్టేముందు డాక్టర్ని అడగండి. పనిలోపని విటమిన్ డి, బి12, థైరాయిడ్ కూడా చూపించండి, వాటివల్ల కూడా కాళ్ళు నీరసంగా ఉండొచ్చు.