నల్లగొండలో క్రిస్టియన్ స్కూల్, ఎల్‌కేజీ: బైబిల్ పీరియడ్ కన్నా ముందు చూడాల్సింది

మీ పాపకు నాలుగేళ్లు నిండాయి, నల్లగొండలోనే ఒక క్రిస్టియన్ స్కూల్లో ఎల్‌కేజీలో వేద్దామనుకుంటున్నారు. అక్కడ చిన్న పిల్లలకు ఏం చెప్తారు, బైబిల్ తప్పనిసరా, తెలుగు ఉంటుందా అని అడిగారు. నేను ఈ ఊళ్లోనే సిస్టర్లు నడిపే ఒక స్కూల్లో పదకొండేళ్లు యూకేజీకి, ఒకటో తరగతికి చెప్పాను. మొదట్లో ఎల్‌కేజీ కూడా చూశాను. మా బాబు ఐదో తరగతి దాకా అక్కడే చదివాడు. మాది హిందూ కుటుంబం. వాడు అన్నం ముందు చేతులు జోడించి కళ్లు మూసుకున్న మొదటి రోజు మా అత్తమ్మ కంచం పక్కన పెట్టి నా వైపు చూసింది. కాబట్టి మీ టెన్షన్ నాకు తెలుసు.

ముందు బైబిల్ సంగతే చెప్తాను. మా దగ్గర పొద్దున అసెంబ్లీలో ఒక ప్రార్థన, ఒక పాట, తర్వాత ప్రతిజ్ఞ ఉండేవి. ఆ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారిది మన పక్కనున్న అన్నెపర్తి. 1962లో విశాఖపట్నంలో ఉద్యోగంలో ఉన్నప్పుడు తెలుగులోనే రాశారు. ఏటా జూన్‌లో కొత్త పిల్లలకు ఈ మాట చెప్పేదాన్ని. అన్నెపర్తి నుంచి ఆటోలో వచ్చే పిల్లలు ఆ రోజంతా ఎంత సంతోషంగా ఉండేవారో! ఇక ఎల్‌కేజీ, యూకేజీలో వారానికి రెండు పీరియడ్లు కథలు చెప్పేవాళ్లం. నోవహు ఓడ, తప్పిపోయిన గొర్రె, దావీదు గొల్యాతు. ఆ వయసులో పిల్లలకు ఓడ ఎక్కిన ఏనుగు, కోతి తప్ప ఇంకేం గుర్తుండవు. ఒకటో తరగతి నుంచి క్రైస్తవ పిల్లలకు క్యాటకిజం, అంటే వాళ్ల మత పాఠాలు, మిగతా వాళ్లకు అదే సమయంలో వేరే గదిలో మోరల్ సైన్స్.

అన్ని స్కూళ్లూ ఇలాగే ఉంటాయని మాత్రం అనుకోకండి. మనకు 1976లో ఏర్పడిన నల్లగొండ కాథలిక్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే చర్చిల పరిధి, ఉంది. బాప్టిస్టు సంఘాలవి ఉన్నాయి, మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు మెనోనైట్ బ్రదరెన్ సంఘాలవి ఉన్నాయి. పాస్టర్ల కుటుంబాలు సొంతంగా నడిపే చిన్న స్కూళ్లూ ఉన్నాయి. కొన్నిచోట్ల శుక్రవారం శుక్రవారం బైబిల్ వాక్యం ఒకటి కంఠతా అప్పచెప్పాలి. అది మీకు ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా చెప్పండి. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో మతబోధనకైనా, ప్రార్థనకైనా పిల్లలు హాజరు కావాలంటే తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి. 2024 ఏప్రిల్‌లో భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య కూడా, ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దని తమ స్కూళ్లకు సూచనలు ఇచ్చింది. ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి హెడ్‌మిస్ట్రెస్‌కు ఇస్తే సరిపోతుంది. మా అత్తమ్మ మాత్రం వారం తిరగకుండానే, వాడు కళ్లు మూసుకున్నప్పుడు తనూ "అన్నపూర్ణమ్మా" అనుకోవడం మొదలుపెట్టింది.

మీరు అడగనిది ఇంకొకటి ఉంది. నన్నడిగితే అదే అసలైనది. మీ పాప చేతికి పెన్సిల్ ఎప్పుడిస్తారు, ఎంతసేపు రాయిస్తారు?

ఎల్‌కేజీలో సాధారణంగా ముందు స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్, స్లాంటింగ్ లైన్, కర్వులు, ఆ తర్వాత పెద్ద ఏబీసీడీలు, అంకెలు, రంగులు, రైమ్స్ ఉంటాయి. యూకేజీలో మూడక్షరాల ఇంగ్లీషు మాటలు, వంద దాకా అంకెలు, తెలుగులో అచ్చులు, హల్లులు. పేపర్ మీద చూస్తే తప్పేం లేదు. ఇబ్బంది ఎక్కడంటే, తల్లిదండ్రులు కాపీ (నోట్‌బుక్) తెరిచి పేజీలు లెక్కపెడతారు, పేజీలు నిండితేనే చదువు అయినట్టు. స్కూలు కూడా ఆ లెక్కకే లొంగిపోతుంది.

నేను చేరిన రెండో ఏడు ఒక బాబు ఉండేవాడు. నాలుగేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. నాలుగు గీతల కాపీలో కర్సివ్‌లో చిన్న ఎ రాయాలి. పెన్సిల్ ఎంత గట్టిగా పట్టుకునేవాడంటే చూపుడు వేలి గోరు తెల్లబడేది, కాగితం చిరిగేది. నేను వాడి చెయ్యి మీద నా చెయ్యి వేసి పేజీ నింపించేదాన్ని. రోజూ. ఆగస్టులో వాళ్లమ్మ వచ్చి, "పొద్దున యూనిఫాం తొడుగుతుంటే కక్కుకుంటున్నడు మేడం, స్కూల్ అంటేనే భయపడుతున్నడు" అంది. ఆ మాట ఈ రోజుకీ నా చెవిలో ఉంది. తప్పు వాడిది కాదు, నాది. ఆ వయసులో వేళ్లకు ఇంకా అంత పట్టు రాదు.

అప్పుడు మా పెద్ద సిస్టర్ ఒక స్టీలు పళ్లెంలో సన్న ఇసుక పోసి తెచ్చారు. ఇంకో డబ్బాలో చింతగింజలు. పెన్సిల్ తీసి పక్కన పెట్టమన్నారు. రెండు నెలలు వాడు ఇసుకలో వేలితో గీశాడు, చింతగింజలు వరసగా పేర్చాడు, పిండి ముద్దతో పాములు చేశాడు. సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చి, నేను అడక్కుండానే పలక మీద ఎ రాసి చూపించాడు. వంకరగానే ఉంది, కానీ మొత్తం వాడిదే. ఆ తర్వాత నా క్లాసులో దసరా దాకా ఎవరికీ కాపీ ఇవ్వలేదు. కొందరు తల్లిదండ్రులు గొడవపడ్డారు, ఒకరు టీసీ కూడా తీసుకెళ్లారు. నేను మారలేదు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా చూడమంది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటపాటలతోనే చెప్పమంది. ఎక్కువ ప్రైవేటు స్కూళ్లలో నర్సరీ నుంచి యూకేజీ దాకా పుస్తకాల ఎంపిక మేనేజ్‌మెంట్‌దే కాబట్టి, అది పాటిస్తున్నారో లేదో మీరే చూసుకోవాలి.

తెలుగు ఉంటుంది. 2018లో తెలంగాణ చట్టం చేసింది, మిషనరీ స్కూలైనా ఇంకేదైనా ఒకటో తరగతి నుంచి తెలుగు చెప్పాల్సిందే. ఒకటిలో సరళ పదాలు, గుణింతాలు, రెండుకు వచ్చేసరికి ఒత్తులు. నా బాధ వేరే. ఒకసారి కూరగాయల చార్టు చూపిస్తూ ఇదేంటని అడిగితే ఒక పాప "ఆనిగెపుకాయ" అంది. పక్కనున్న టీచర్ "తప్పు, సొరకాయ" అన్నారు. ఆ పాప ఆ రోజు మళ్లీ నోరు తెరవలేదు. వాళ్లమ్మ మాట తప్పెలా అవుతుంది? తర్వాత నేను చార్టు మీద రెండు పేర్లూ స్కెచ్‌పెన్‌తో రాశాను. మక్కలు, మొక్కజొన్న కూడా. మీ పాప ఇంటి మాటను స్కూల్లో ఎలా తీసుకుంటారో గమనించండి, ఇంగ్లీషు రాకపోతే ఏమంటారో కూడా.

మూడో తరగతిలో ఈవీఎస్, అంటే పరిసరాల విజ్ఞానం, మొదలవుతుంది. బాగా చెప్పే టీచర్ దొరికితే అంతకు మించిన సబ్జెక్టు లేదు. నీటి పాఠం వచ్చినప్పుడు మా బాబు క్లాసులో టీచర్ పుస్తకం మూసి, మీ తాతయ్యల ఊళ్లో ఏ నీళ్లు తాగేవారో అడిగి రమ్మన్నారు. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి, తన తాత నడుము ఎందుకు వంగిపోయిందో మొదటిసారి ఇంట్లో అడిగాడట. బోరునీళ్లలో ఫ్లోరైడ్ అని తెలుసుకుని వచ్చి క్లాసులో చెప్పాడు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన ఊరి పేరు మీదే నల్లగొండ టెక్నిక్ అంటారని టీచర్ చెప్పారు. ఆ పాఠం మా వాడు ఇంకా మర్చిపోలేదు.

హిందీ, కంప్యూటర్, డ్రాయింగ్ ఎక్కడైనా ఒకటే. ఒకటో తరగతి నుంచి ఎఫ్‌ఏ (మధ్యమధ్యలో పెట్టే చిన్న పరీక్షలు), ఎస్‌ఏ (పెద్ద పరీక్షలు) ఉంటాయి. ఎల్‌కేజీ, యూకేజీలోనే మార్కులు, ర్యాంకులు ఇచ్చే స్కూలైతే మాత్రం ఇంకో రెండు చూశాకే నిర్ణయించుకోండి.

అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు పుస్తకాల లిస్టు ముందే ఇమ్మనండి. ఎల్‌కేజీకి నాలుగు గీతల కాపీలు ఎన్ని రాశారో చూడండి. రెండు కన్నా ఎక్కువ ఉంటే, జూన్‌లో మొదటి కాపీ ఎప్పుడు తెరిపిస్తారని టీచర్‌నే నేరుగా అడగండి.