హాకీని ప్రాణంగా చూసుకునే ఊళ్ళలో ఆడటానికి కొందరు ఎందుకు జంకుతారు?

మీరు అడిగినది ఇది: టొరంటో, మాంట్రియల్ వంటి నగరాలలో జనం ఐస్ హాకీ అంటే ప్రాణం పెడతారు కదా, అటువంటి చోట ఆడే అవకాశం వస్తే కొందరు ఆటగాళ్ళు సంబరంగా ఒప్పుకుంటుంటే, మరికొందరు ఫ్లోరిడాకో లాస్ వేగాస్‌కో ఎందుకు వెళ్ళిపోతారు? ఇక్కడి మన తెలుగువాళ్ళ మధ్య ఈ మాట వచ్చినప్పుడల్లా వినిపించే సమాధానాలు రెండే. ఒకటి పన్నులు, రెండవది చలి. వాటిలో కొంత నిజం ఉన్నా, అసలు కారణం అక్కడ లేదని నా గట్టి నమ్మకం. టొరంటో పక్కన మిసిసాగాలో ఉంటూ, మా అబ్బాయిని ఈ ఆటలో చేర్పించిన నాటి నుంచి చలికాలమంతా రింకుల (మంచు పరిచిన ఆట స్థలాల) దగ్గరే గడుపుతున్న తండ్రిగా చెబుతున్నాను. ఆటగాడు ఊరిని ఎంచుకునేటప్పుడు లెక్క వేసుకునేది మ్యాచ్ ఉన్న రాత్రిని కాదు, మ్యాచ్ లేని పగటిని. ఆ పగలు తనకూ తన పిల్లలకూ మిగులుతుందా లేదా అన్నదే అతని ప్రశ్న.

ముందు పన్నుల సంగతి తేల్చేద్దాం. కెనడా, అమెరికా జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జీతాల కోసం ఒక్కొక్క జట్టు ఖర్చు పెట్టగలిగే మొత్తానికి పరిమితి ఉంటుంది, అది అన్ని జట్లకూ ఒకటే. 2025-26 సీజన్‌కు అది 9.55 కోట్ల అమెరికన్ డాలర్లు. టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో ఆదాయపు పన్ను పై శ్రేణిలో 53.53 శాతం దాకా పోతుంది. ఫ్లోరిడా, టెక్సాస్, నెవాడాలలో అయితే కేంద్రానికి కట్టేది తప్ప రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు. కాగితం మీద జీతం సమానంగా ఉన్నా చేతికి వచ్చే డబ్బులో తేడా పెద్దదే, దానిని ఎవరూ కాదనలేరు. అయితే ఫ్లోరిడా పాంథర్స్ జట్టు లీగ్‌లోకి వచ్చింది 1993లో, ఆ రాష్ట్రంలో ఆదాయపు పన్ను అప్పుడు కూడా లేదు. 1996లో ఫైనల్ దాకా వెళ్ళిన ఆ జట్టు, మళ్ళీ ఒక ప్లేఆఫ్ (నాకౌట్ దశ) సిరీస్ గెలవడానికి 2022 వరకు ఆగవలసి వచ్చింది. పన్ను ఒక్కటే ఆటగాళ్ళను లాగే శక్తి అయితే, ఆ పాతికేళ్ళూ మేటి ఆటగాళ్ళందరూ అక్కడ బారులు తీరి ఉండవలసింది. ఇక చలి మాట నేను అసలు ఒప్పుకోను. పెరట్లో నీళ్ళు గడ్డకట్టించి దాని మీద ఆడుతూ పెరిగిన పిల్లలు పెద్దయ్యాక చలికి భయపడి ఊరు మారతారా?

నాకు ఈ అభిప్రాయం కలిగించిన సంఘటన ఒకటి ఉంది. కొన్నేళ్ళ క్రితం, ఒక జనవరి ఆదివారం ఉదయం, టొరంటో పడమటి వైపున ఉన్న ఒక పబ్లిక్ రింక్‌కు మా అబ్బాయిని స్కేటింగ్ క్లాసుకు తీసుకువెళ్ళాను. అంతకు ముందు రాత్రి టొరంటో జట్టు మేపుల్ లీఫ్స్ సొంత మైదానంలో చిత్తుగా ఓడిపోయారు. రింక్ బయట నల్లటి రబ్బరు పరిచిన నడవలో, బల్లల మీద పిల్లలను కూర్చోబెట్టి, తల్లిదండ్రులమంతా నేల మీద మోకాళ్ళూని స్కేట్లు తొడుగుతున్నాము. చిన్నపిల్లల స్కేట్లకు లేసులు కట్టడం తేలికైన పని కాదు. ఒక్కొక్క వరుసనూ వేలితో పైకి లాగి బిగించుకుంటూ రావాలి, చీలమండ దగ్గర మరీ గట్టిగా బిగించాలి, లేకపోతే మంచు మీదికి దిగగానే పాదం పక్కకు ఒరిగిపోతుంది. మాకు రెండు బల్లల అవతల, టోపీ కిందికి దించుకున్న ఒక పొడవాటి మనిషి తన కూతురికి లేసులు కడుతున్నాడు. ఆ చేతి వేగం చూసి తలెత్తి చూశాను. ముందు రాత్రి టీవీలో చూసిన లీఫ్స్ డిఫెన్స్‌మన్ (గోల్ వైపు కాపు కాసే ఆటగాడు). పేరు రాయను, అది అతని కుటుంబానికి సంబంధించిన విషయం.

అతను ఒక కాలి స్కేటు కట్టడం పూర్తి చేసి రెండవది చేతిలోకి తీసుకునే సరికి, టిమ్ హార్టన్స్ కాఫీ కప్పుతో ఒక పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డారు. (ఆ దుకాణాలకు పేరిచ్చిన టిమ్ హార్టన్ కూడా లీఫ్స్ డిఫెన్స్‌మనే, జట్టు చివరిసారి స్టాన్లీ కప్ (లీగ్ విజేతకు ఇచ్చే కప్పు) గెలిచిన 1967లో ఆడినవాడే. ఈ ఊరిలో కాఫీ తాగబోయినా హాకీయే ఎదురవుతుంది.) పెద్దాయన మర్యాదగానే నమస్కరించి, అభిమానినని చెప్పుకుని, ఆ వెంటనే, "రాత్రి ఆ మూడో గోల్ దగ్గర మీరు గోల్‌పోస్టు ముందు నుంచి ఎందుకు కదిలారు?" అని అడిగారు. అతను నవ్వి, ఏదో క్లుప్తంగా చెప్పి, లేసు లాగబోయాడు. పెద్దాయన ఆగలేదు. తన తండ్రి ఆ కప్పు రోజుల్లో ఎలా ఆనందించారో, తాను బతికుండగా మళ్ళీ చూస్తానో లేదోనని ఎంత బెంగగా ఉందో చెప్పుకొచ్చారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అందులో నటన లేదు. ఈలోగా మరో ఇద్దరు వచ్చారు. ఒక కుర్రవాడు ఫోను పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. ఒక తల్లి తన పిల్లాడి జెర్సీ మీద సంతకం అడిగింది. లోపల మంచు నునుపు చేసే బండి పని ముగించుకుని వెళ్ళిపోయింది, గేటు తెరిచారు, పిల్లలందరూ బిలబిలమంటూ లోపలికి దిగారు. ఆ పాప మాత్రం ఒక కాలికి బిగించిన స్కేటుతో, రెండవ కాలికి వేలాడుతున్న లేసుతో, తండ్రి భుజం మీద చేయి వేసి అలాగే కూర్చుంది. అతను ఒక్కరిని కూడా విసుక్కోలేదు. అందరూ వెళ్ళాక లేసు కట్టి పాపను పంపేసరికి క్లాసు చాలా వరకు గడిచిపోయింది.

తరువాతి వారం నుంచి ఆ పాపను వేరే ఎవరో ఒక పెద్దావిడ తీసుకువచ్చేవారు. అతను మళ్ళీ ఆ రింక్‌లో కనిపించలేదు. కొంతకాలానికి అమెరికాలోని ఒక జట్టుకు వెళ్ళిపోయాడు. పత్రికలన్నీ డబ్బు గురించీ ఒప్పందం ఎన్నేళ్ళన్నదాని గురించీ రాశాయి. నేను మాత్రం ఆ ఆదివారమే ఆ నిర్ణయం సగం జరిగిపోయిందని ఇప్పటికీ నమ్ముతున్నాను.

గమనించవలసిన విషయం ఏమిటంటే, అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ద్వేషం నుంచి పారిపోవడం తేలిక, ప్రేమను తట్టుకోవడమే కష్టం. ఆ ప్రేమ హద్దు దాటితే ఏమవుతుందో మిచ్ మార్నర్ విషయంలో లోకమంతా చూసింది. లీఫ్స్‌కు ఆడిన అతను టొరంటో పక్కనున్న మార్కమ్‌లో పుట్టి, థార్న్‌హిల్‌లో పెరిగిన ఇక్కడి పిల్లవాడు. 2024-25లో గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి 102 పాయింట్లు సాధించాడు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో ఫ్లోరిడాపై మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచి కూడా లీఫ్స్ సిరీస్ పోగొట్టుకున్నారు. ఐదవ మ్యాచ్, ఏడవ మ్యాచ్ రెండూ సొంత మైదానంలోనే 6-1 తేడాతో ఓడినప్పుడు, జనం జెర్సీలు విప్పి మంచు మీదికి విసిరారు. దాని తరువాత తన ఇంటి చిరునామాను ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారని, పసిబిడ్డ ఉన్న ఇంటికి రాత్రింబవళ్ళు కాపలా పెట్టుకోవలసి వచ్చిందని మార్నరే చెప్పాడు. జూన్ ముగిసేలోపు ఏడాదికి 1.2 కోట్ల డాలర్ల చొప్పున ఎనిమిదేళ్ళ ఒప్పందంతో లాస్ వేగాస్‌కు వెళ్ళిపోయాడు. 2007 ప్రపంచకప్‌లో ఓటమి తరువాత రాంచీలో కడుతున్న ధోనీ ఇంటి మీద దాడి చేసిన వార్త గుర్తున్న మనవాళ్ళకు ఇది అర్థం కావడానికి పెద్ద వివరణ అక్కరలేదు. ఇంత జరిగాక కూడా అతను పన్ను కోసమే వెళ్ళాడని వాదించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఈ ఊరికి ఇది కొత్త కూడా కాదు. లారీ మర్ఫీ అనే లీఫ్స్ డిఫెన్స్‌మన్‌కు పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ) తగిలితే చాలు, సొంత ప్రేక్షకులే బూ అని అరిచేవారు. 1997 మార్చిలో అతనిని డెట్రాయిట్‌కు ఇచ్చేశారు. అక్కడ 1997లోనూ 1998లోనూ వరుసగా స్టాన్లీ కప్ గెలిచాడు, తరువాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. డెట్రాయిట్‌లో హాకీ అభిమానం తక్కువేమీ కాదు, ఆ ఊరు తనను తాను హాకీటౌన్ అని పిలుచుకుంటుంది. మరో లీఫ్స్ ఆటగాడు ఫిల్ కెసెల్‌ను 2015లో పిట్స్‌బర్గ్‌కు పంపితే, 2016, 2017లలో కప్ గెలిచాడు. టొరంటోలో ఉన్నన్నాళ్ళూ అతని తిండి మీద కూడా పత్రికలో రాతలు వచ్చాయి. అయినా కప్పు గెలిచాక దానిని పట్టుకుని ఈ ఊరిలోని పిల్లల ఆసుపత్రికే వచ్చాడు. 2019 జనవరిలో కొలరాడోతో మ్యాచ్‌లో లీఫ్స్ డిఫెన్స్‌మన్ జేక్ గార్డినర్‌ను సొంత జనమే గేలి చేస్తుంటే, టీవీ ముందు కూర్చున్న నాకు తల తీసేసినట్టయింది.

ఇక్కడ ఒక ఫిర్యాదు కూడా చెప్పుకోవాలి. ఇంత అభిమానం ఉందని చెప్పుకునే ఈ నగరంలో, మంచుకు దగ్గరగా ఉండే ఖరీదైన సీట్లు చాలా వరకు కంపెనీల చేతుల్లో ఉంటాయి. రెండవ పీరియడ్ మొదలై నిమిషాలు గడిచినా ఆ వరుసలు ఖాళీగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఆ టికెట్లు పట్టుకున్నవాళ్ళు లోపల భోజనాల దగ్గర ఉంటారు. నిజంగా ఆట కోసం ప్రాణం విడిచేవాళ్ళు పై అంతస్తులోనో, చలిలో స్టేడియం బయట పెట్టిన పెద్ద తెర ముందో ఉంటారు. స్టేడియంలో ఆటగాడికి వినిపించవలసిన ప్రోత్సాహం అతనికి చేరదు. చేరేది పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్పోర్ట్స్ రేడియోలో సాగే పోస్టుమార్టం, ఆ తరువాత కిరాణా దుకాణంలో ఎదురయ్యే ప్రశ్నలు. పిల్లలున్న కుటుంబాలు కొనగలిగే ధరకు ఆ కింది సీట్లలో సగమైనా ఇస్తే, ఈ ఊరిలో ఆడటం ఎంత హాయిగా ఉంటుందో ఆటగాళ్ళకు తెలిసేది.

మరి ఇష్టపడి వచ్చేవాళ్ళెవరు? మాంట్రియల్ సంగతి చూడండి. ఫిన్లాండ్ నుంచి వచ్చిన సాకు కోయివు అక్కడ పదేళ్ళు కెప్టెన్‌గా ఉన్నాడు. 2001లో అతనికి క్యాన్సర్ వచ్చింది. చికిత్స ముగించుకుని 2002 ఏప్రిల్ 9న మళ్ళీ మంచు మీదికి అడుగుపెట్టినప్పుడు, స్టేడియం మొత్తం లేచి నిలబడి దాదాపు ఎనిమిది నిమిషాలు చప్పట్లు కొట్టింది. అటువంటి క్షణం ఫ్లోరిడాలో ఎంత డబ్బు పోసినా దొరకదు. అదే కోయివును, ఫ్రెంచ్ మాట్లాడడని, అదే ఊరిలో కొందరు బహిరంగంగా తప్పుపట్టారు. రెండూ ఒకే ప్రేమ నుంచి వచ్చినవే. దానిని భరించగలిగాడు కనుకనే పదేళ్ళు నిలిచాడు. మాంట్రియల్ గోల్‌కీపర్ ప్యాట్రిక్ రువా భరించలేకపోయాడు. 1995 డిసెంబర్ 2న డెట్రాయిట్ చేతిలో 11-1తో ఓడిన మ్యాచ్‌లో తొమ్మిది గోల్స్ పడేదాకా కోచ్ అతనిని బయటికి తీయలేదు. ఒక తేలికైన షాట్ ఆపినప్పుడు జనం వెటకారంగా చప్పట్లు కొడితే, అతను రెండు చేతులూ పైకెత్తాడు. బయటికి రాగానే జట్టు అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి, మాంట్రియల్‌లో ఇదే తన చివరి మ్యాచ్ అని చెప్పేశాడు. కొద్ది రోజులలోనే కొలరాడో చేరి, ఆ సీజన్‌లోనే కప్ గెలిచాడు. ఆ రాత్రి మాంట్రియల్ స్టేడియం ఫోరమ్‌లో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్ళకు రెండుసార్లు కప్పు తెచ్చిపెట్టిన గోల్‌కీపర్ అతను.

విన్నిపెగ్ ఉదాహరణ నా వాదానికి మరింత బలం ఇస్తుంది. లీగ్‌లో అంత చలి ఉన్న ఊరు మరొకటి అరుదు, నగరం చిన్నది, పన్నులు ఎక్కువే. 1996లో జట్టును పోగొట్టుకుని, 2011లో మళ్ళీ సంపాదించుకున్న ఊరు కనుక అభిమానానికి లోటు లేదు. అయినా 2023 అక్టోబర్‌లో ఆ జట్టు ఆటగాళ్ళు కానర్ హెలెబక్, మార్క్ షైఫ్లీ ఇద్దరూ ఒకే రోజున ఏడేసి సంవత్సరాలకు, ఏడాదికి 85 లక్షల డాలర్ల చొప్పున అక్కడే ఉండిపోతామని సంతకాలు చేశారు. అక్కడ వెంటపడే కెమెరాలు తక్కువ, ప్రతి ఓటమికీ రేడియోలో గంటల తరబడి విచారణ జరగదు. పలకరించినా ఇరుగుపొరుగు పలకరింపు అవుతుంది. జనాభా తక్కువైన చోట ఆటగాడు మనిషిగా మిగులుతాడని నేను అంటాను. ఎడ్మంటన్ నుంచి క్రిస్ ప్రాంగర్ 2006లో ఒక్క సీజన్‌కే వెళ్ళిపోయిన మాట నిజమే, కానీ జర్మనీలో పుట్టిన లియోన్ డ్రైసైటిల్ 2024లో అదే ఊరితో మరో ఎనిమిదేళ్ళకు ఒప్పందం చేసుకున్నాడు.

కాబట్టి ఇకమీదట ఎవరైనా ఆటగాడు ఒక ఊరికి వచ్చాడనో వెళ్ళిపోయాడనో వార్త చూసినప్పుడు, జీతం అంకెతో పాటు అతని పిల్లల వయసు, అతను పెరిగిన ఊరు కూడా చూడండి. జాన్ టవారెస్ మిసిసాగాలో పుట్టి ఓక్‌విల్‌లో పెరిగాడు. 2018లో న్యూయార్క్ ఐలాండర్స్‌ను వదిలి లీఫ్స్‌లో చేరిన రోజున, చిన్నప్పుడు లీఫ్స్ బొమ్మలున్న దుప్పటి మీద నిద్రపోతున్న తన ఫొటోను అందరికీ చూపించాడు. ఏడేళ్ళలో కప్పు రాలేదు, 2024లో కెప్టెన్ పదవి ఆస్టన్ మాథ్యూస్‌కు వెళ్ళింది, జెర్సీలు మంచు మీద పడుతుంటే అతను కూడా ఆ మంచు మీదే ఉన్నాడు. తనకు ఇష్టమైన ఊరికి వెళ్ళే స్వేచ్ఛ 2025 వేసవిలో దొరకబోతుండగా, ఏడాదికి 1.1 కోట్ల డాలర్లు తీసుకున్న ఆటగాడు దాదాపు 44 లక్షలకు ఒప్పుకుని, మరో నాలుగేళ్ళు ఇక్కడే ఆడతానని సంతకం చేశాడు.